సోఫా కుంగితే తప్పు వాడకానిదా, సరుకుదా?

గుంటూరు జిల్లా పల్లెల్లో నులక మంచం పంచలోకి జరిగి, ముందుగదిలోకి సోఫా వచ్చి చాలా కాలమైంది. మిర్చి డబ్బు చేతికందినా, ఆడపిల్లకు సంబంధం కుదిరినా, కొత్త ఇంటికి గృహప్రవేశం పెట్టుకున్నా గుంటూరుకో తెనాలికో వెళ్ళి సోఫా సెట్టు బేరమాడి, ట్రాలీ ఆటోలో వేయించుకుని రావడం ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా కనబడేదే. ఆ సోఫా ఇల్లు చేరిన మూడు నాలుగు నెలలకు మొదలయ్యే పేచీ కూడా అలాగే ఊరూరా వినబడుతోంది. సీటు దిగిపోయిందని కొన్నవారు, కూర్చుంటే దిగదా అని అమ్మినవారు. దుకాణం చుట్టూ నాలుగుసార్లు తిరిగి, బస్సు చార్జీలు దండగై, చివరకు ఖర్మ అనుకుని సీటు మీద దుప్పటి మడత వేసుకుని కూర్చునేవారే ఎక్కువ.

నిజానికి ఈ పేచీలో ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. కొత్త సోఫా కొంత మెత్తబడటం సహజమే. కానీ ఆ సహజమన్న మాటను అడ్డం పెట్టుకుని నాసిరకం సరుకును కూడా చలామణీ చేయడం న్యాయం కాదు. ఏది మామూలు మెత్తదనమో, ఏది లోపమో కొన్నవారికి తెలియకపోవడమే అమ్మినవారికి అండగా ఉంటోంది.

ఇది కేవలం కూర్చునే సుఖానికి సంబంధించిన విషయమని పట్నంవారు అనుకోవచ్చు. పల్లెలో అంతకంటే పెద్ద సంగతి. సారెలో ఇచ్చిన సోఫా ఆరు నెలలు తిరగకుండా గుంట పడితే ఆ మాట పడేది దుకాణదారు కాదు, కోడలు. "మీ నాన్న ఎక్కడ తెచ్చాడమ్మా దీన్ని, కూర్చుంటే చెక్క తగులుతోంది" అని అత్తగారు నలుగురిలో అన్న మాటకు ఆ పిల్ల ఏమని సమాధానం చెప్పగలదు? అప్పు చేసి అడిగిన ధర ఇచ్చివచ్చిన తండ్రి చౌకసరుకు అంటగట్టినవాడు అవుతాడు. వియ్యాలవారింట్లో ఉన్న సోఫాను తిరగేసి చూపించమని అడగలేక ఆయన దుకాణానికీ గట్టిగా చెప్పలేడు. ఇటువంటి ఇళ్ళు ఈ జిల్లాలో ఒకటి రెండు కావు.

మెత్తబడటం ఏమిటో, కుంగటం ఏమిటో నులక మంచం అల్లించుకున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా అల్లిన మంచం మొదటి వారం పలకలా ఉంటుంది. పది మంది కూర్చుని, నలుగురు పడుకున్నాక నులక సాగి కొంత వదులవుతుంది. అప్పుడు కాళ్ళవైపు తాడు బిగిస్తారు. దానికి ఎవరూ అల్లినవాణ్ణి తిట్టరు. అదే మంచంలో నులక పుటుక్కుమని తెగినా, పట్టె కోడులోంచి ఊడివచ్చినా అది సాగడం కాదని పసిపిల్లవాడు కూడా చెబుతాడు. మంచంలో ఉన్నదంతా కళ్ళకు కనబడుతుంది గనుక పేచీ లేదు. సోఫాలో ఉన్నదంతా గుడ్డ కింద దాగి ఉంటుంది.

ఆ గుడ్డ కింద ఉండేది స్పాంజి అని మనవైపు పిలిచే ఫోము. పాలియురేథేన్ అనే రసాయన పదార్థాన్ని పొంగించి దిమ్మెలుగా తయారుచేసి, రంపంతో కోసి సీట్లకు వాడతారు. కోసి చూస్తే తేనెపట్టులా సన్నని గదులుంటాయి. ఒక గదికీ మరో గదికీ మధ్య అక్కడక్కడ పలుచని పొరలు మిగిలి ఉంటాయి. కొత్తలో మనిషి కూర్చుని లేస్తూ ఉంటే ఆ పొరలు చిరిగి గాలి స్వేచ్ఛగా ఆడుతుంది. అందుకే కొత్త సీటు మొదటి రెండు మూడు నెలల్లో తొందరగా మెత్తబడి, తరువాత చాలాకాలం నిలకడగా ఉంటుంది. పొరలు పోయినా గదుల అంచుకట్టెలు గట్టిగానే ఉంటాయి. మనిషి లేవగానే సీటు మళ్ళీ తన ఎత్తుకు వస్తుంది. ఈ మార్పుకు దుకాణదారుణ్ణి నిందించి లాభం లేదు.

దీనితోపాటు మరో రెండు మార్పులు కూడా మామూలువే. ఫోము చుట్టూ పాలిస్టర్ దూది పొర చుట్టి, సీటు నడుము ఉబ్బెత్తుగా కనిపించేటట్టు కుడతారు. ఆ దూది అణగిపోయి ఉబ్బు తగ్గుతుంది. పైగుడ్డ సాగి ముడతలు పడుతుంది. చూడ్డానికి బాగుండకపోవచ్చుగాని, ముడతలను చూసి సోఫా పాడైందనడం చొక్కా నలిగిందని దర్జీ మీద కేకలు వేయడం వంటిదే.

లోపం అన్నది వేరే తీరున బయటపడుతుంది. సీటు మెత్తబడటం కాదు, ఎత్తే పోతుంది. మనిషి లేచి వెళ్ళినా గుంట గుంటగానే ఉంటుంది. రాత్రంతా ఎవరూ కూర్చోకుండా వదిలి తెల్లవారి చూసినా అంతే. కూర్చుంటే అడుగున చెక్కో పట్టీయో పిరుదులకు తగులుతుంది. అంచులు ఎత్తుగా, నడుమ పళ్ళెంలా కనబడుతుంది. ఇందులో ఏ ఒక్కటైనా కొన్న ఏడాదిలోపే కనబడితే వాడకం మీద నెట్టడానికి వీల్లేదు.

కొలవడానికి ఇంజనీరు అక్కరలేదు. నిటారుగా ఉన్న ఒక చెక్కబద్దను సీటు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా పెట్టి, బద్దకూ గుంట అడుగుకూ మధ్య బడిపిల్లవాడి స్కేలు నిలబెడితే ఎంత లోతో తెలిసిపోతుంది. సీటు ఖాళీగా ఉన్న తెల్లవారుజామున కొలవడం మంచిది. ఐదంగుళాల సీటులో పావంగుళం తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు. ఆరు నెలలకే అంగుళం దిగితే అది మెత్తబడటం కాదు. ఈ రెంటి నడుమ ఉన్నదాన్ని నెల తరువాత మళ్ళీ కొలవాలి. ఉన్నచోటే ఆగితే సరుకు సర్దుకున్నట్టు, ఇంకా దిగుతూ ఉంటే చచ్చుసరుకు అన్నట్టు. కొలిచినప్పుడల్లా తేదీ వేసి కాగితం మీద రాసుకోవాలి, స్కేలు కనబడేటట్టు సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి ఉంచాలి. తరువాత అక్కరకు వచ్చేది ఈ కాగితమే.

తప్పు ఫోముదే అయి ఉండాలని కూడా లేదు. చాలా సోఫాల్లో సీటు కింద సాగే పట్టీలు, లేకపోతే వంకీ స్ప్రింగులు ఉంటాయి. పట్టీ మేకు ఊడినా, స్ప్రింగు కొక్కెం జారినా, కింది చట్రం చెక్క విరిగినా పైనుంచి చూసేవారికి ఫోము దిగినట్టే కనబడుతుంది. సీట్లు విడిగా తీసేవైతే దీన్ని తేల్చడం బహు తేలిక. గుంటపడిన సీటును పక్కదాని స్థానంలో పెట్టి, పక్కదాన్ని ఇక్కడ పెట్టి కూర్చుని చూడాలి. గుంట సీటుతోపాటు పక్కకు వెళితే తప్పు ఫోములో ఉంది. గుంట ఉన్నచోటే ఉండిపోతే తప్పు కింద ఉంది. కింద తప్పయితే వాడకమనే సాకు అసలే చెల్లదు, ఎందుకంటే మనిషి కూర్చోవడానికి చేసిన చట్రం మనిషి కూర్చుంటే విరిగిందనడం అమ్మినవారికే చిన్నతనం. సోఫాను బోర్లించి అడుగున కొట్టిన నల్లగుడ్డ చింపి చూడాలన్న ఆత్రం మాత్రం పనికిరాదు. మీరే విప్పారు కదా అనడానికి దుకాణానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది.

కొన్నవారి తప్పులు కూడా లేకపోలేదు. టీవీకి ఎదురుగా ఉన్న ఒక్క సీటులోనే ఇంటి పెద్దాయన పొద్దస్తమానం కూర్చుంటే మిగతావాటికంటే అది ముందు దిగుతుంది. సీట్లు పదిహేను రోజులకోసారి మార్చి పెట్టుకోవాలి, తిరగేయడానికి వీలుంటే తిరగేయాలి. పిల్లలు సోఫా ఎక్కి గెంతే ఇంట్లో పట్టీలు నిలవకపోతే దుకాణదారుణ్ణి అనేదేముంది?

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఎండబెట్టడం. బూరుగుదూది పరుపును, దిండ్లను ఎండలో వేస్తే పొంగి కొత్తవాటిలా అవుతాయి. తరతరాల అలవాటు కొద్దీ సోఫా సీట్లను కూడా తొడుగు తీసి డాబా మీద ఆరేస్తున్నారు. దూదికి ఎండ మందు, ఫోముకు ఎండ విషం. ఎండ తగిలిన ఫోము పసుపెక్కి, పైపొర పెళుసుబారి, చేత్తో రుద్దితే పొడి రాలుతుంది. వాన తడిసినా, చెమ్మ పట్టినా తొడుగుతోనే ఉంచి నీడలో గాలికి ఆరబెట్టుకోవాలి. పసుపుపచ్చగా మారడం ఒక్కటే లోపానికి గుర్తు కాదు, మంచి ఫోము కూడా కాలక్రమేణా రంగు మారుతుంది. ఎండ చూడని కొత్త సీటులోంచి పొడి రాలుతోందంటే మాత్రం అనుమానించవలసిందే.

ఇక అసలు కిటుకు తూకంలో ఉంది. దుకాణాల్లో "32 డెన్సిటీ అండి, 40 డెన్సిటీ అండి" అని గడగడా చెబుతారు. విన్నవారు తల ఊపుతారేగాని అదేమిటని అడగరు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న ఫోము దిమ్మె 32 కిలోలు తూగితే అది 32 డెన్సిటీ. 40 కిలోలు తూగితే 40 డెన్సిటీ. అంతకు మించిన బ్రహ్మవిద్య ఏమీ లేదు. మన అడుగుల లెక్కలోకి మారిస్తే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం ఉన్న 32 డెన్సిటీ ముక్క సుమారు 900 గ్రాములు, 40 డెన్సిటీ ముక్క సుమారు 1130 గ్రాములు తూగాలి.

ఉదాహరణకు 22 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న సీటును తీసుకుంటే, 32 డెన్సిటీ అయితే లోపలి ఫోము ఒక కిలో 270 గ్రాముల దరిదాపు ఉండాలి. 40 అయితే దాదాపు కిలో 590 గ్రాములు. అదే సీటును జిప్పు తీసి తొడుగు, దూదిపొర పక్కనపెట్టి కిరాణా కొట్టు కాటా మీద వేస్తే 710 గ్రాములు తూగిందనుకుందాం. అది 18 డెన్సిటీ సరుకు. వీపు ఆనించే దిండ్లకు ఆ రకం చాలునేమోగాని, రోజూ మనిషి బరువు మోసే సీటుకు చాలదు. అటువంటి సీటు మూడు నెలలకే కుంగితే దాన్ని వాడకం అనరు.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. తూకం తక్కువ వస్తే మోసం తేలినట్టే. తూకం సరిపోయినంత మాత్రాన సరుకు మంచిదని ధీమా పడరాదు. ఫోము తయారీలో సుద్దపొడి వంటివి కలిపి బరువు పెంచే పద్ధతి ఉంది. తుక్కు ముక్కలను జిగురుతో అతికించి చేసిన ఫోము కూడా బరువుగా, గట్టిగానే ఉంటుంది. అలాగే కొన్ని సీట్లలో కింద గట్టి ఫోము, పైన మెత్తటి ఫోము రెండు పొరలుగా వేస్తారు, వాటికి ఈ లెక్క సూటిగా కుదరదు. కుట్టేసిన సీట్లకైతే కాటా ఊసే లేదు. కుట్లు విప్పకుండా కొనేముందే అడిగి రాయించుకోవడం తప్ప దారి లేదు.

దుకాణంలో ఒక నిమిషం కూర్చుని, గట్టిగా ఉంది గనుక మంచిదని తీర్మానించడం మరో భ్రమ. గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. తక్కువ డెన్సిటీలోనే గట్టిగా తగిలే ఫోము దొరుకుతుంది. కొత్తలో బల్లలా ఉండి, తొందరగా చచ్చుబడేది అటువంటిదే. మంచి ఫోము మెత్తగానూ ఉండవచ్చు.

అమ్మినవారి గోడు కూడా వినాలి. నలభై వేల సోఫాను ఇరవై ఐదు వేలకు ఇమ్మని గీచిగీచి బేరమాడేవారు, తగ్గిన పదిహేను వేలు ఎక్కడినుంచి తగ్గుతున్నాయో ఆలోచించరని వారంటారు. పైకి కనబడే గుడ్డను, చేతుల పాలిష్‌ను తగ్గిస్తే సరుకు అమ్ముడుపోదు. కనబడని ఫోములోనే తగ్గించాలి. ఇందులో అబద్ధం లేదు. అయితే తగ్గించామన్న మాట కొన్నవారికి చెప్పి అమ్మితే అది వ్యాపారం. 32 అని నోటితో చెప్పి 18 పెట్టి ఇవ్వడాన్ని వ్యాపారం అనలేము. "ఈ ధరకు ఇదే వస్తుంది బాబాయ్, నాలుగేళ్ళు ఆశించకు" అని ముందే చెప్పే దుకాణదార్లూ ఉన్నారు. అటువంటివారి మీద పేచీలు రావడం అరుదు.

కాబట్టి మొత్తం వ్యవహారం బిల్లు మీద ఆధారపడి ఉంది. పల్లెనుంచి వెళ్ళినవారికి చాలాచోట్ల తెల్లకాగితం మీద "సోఫా 1" అని రాసి, మొత్తం వేసి ఇస్తున్నారు. పక్కా బిల్లు కావాలంటే పన్ను అదనంగా పడుతుందని భయపెడతారు. ఆ పన్ను మిగిలిందని సంతోషించినవారికి ఆరు నెలల తరువాత దుకాణం తాము అమ్మలేదన్నా దిక్కులేదు. బిల్లులో సీటు ఫోము డెన్సిటీ, మందం, చట్రం ఏ చెక్కతో చేసిందీ, గ్యారంటీ ఎన్నాళ్ళు, గ్యారంటీ ఫోముకా చట్రానికా అన్నది రాయించాలి. ఐదేళ్ళ గ్యారంటీ అని గోడమీద పెద్ద అక్షరాలు చూసి మురిసిపోతే, అది చట్రానికే పరిమితమని చిన్న అక్షరాలు తరువాత కనబడతాయి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున అచ్చువేసి ఉందని చాలామంది వెనక్కు తగ్గుతారు. రంగు నచ్చలేదనో, గదిలో పట్టలేదనో తెచ్చిన సరుకు సంగతి వేరు. లోపమున్న సరుకుకు ఆ అచ్చు అడ్డం కాదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ పద్దులోకే వస్తుంది.

సారె ఇచ్చిన తండ్రులకు, పుచ్చుకున్న కూతుళ్ళకు ఈ చట్టంలో ప్రత్యేకంగా తెలియవలసిన మాట ఒకటుంది. డబ్బు ఇచ్చి కొన్నవారే కాదు, వారి అనుమతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా వినియోగదారులే. అంటే బిల్లు తండ్రి పేరున ఉన్నా, అత్తవారింట్లో సోఫా వాడుకుంటున్న కూతురు తానే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదిదారు కాపురమున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, దుకాణమున్న ఊరికి పరుగెత్తనక్కరలేదు. తండ్రి బిల్లును బీరువాలో దాచిపెట్టుకోకుండా సోఫాతోపాటే కూతురి చేతికిస్తే సరిపోతుంది. సారె పట్టీలో సామాను రాసినంత శ్రద్ధగా ఆ బిల్లు గురించి ఎవరూ ఆలోచించకపోవడం విచారకరం.

ముందుగా దుకాణానికి రాతపూర్వకంగా తెలపాలి. నోటిమాటగా చెబితే "కొన్నాళ్ళు చూడండి, సర్దుకుంటుంది" అని గ్యారంటీ గడువు దాటేదాకా నెట్టుకొచ్చే ప్రమాదం ఉంది. కొలతల కాగితం, ఫోటోలు జతచేసి రిజిస్టరు పోస్టులోగాని, వాట్సాప్‌లోగాని పంపి నకలు ఉంచుకోవాలి. అప్పటికీ పలకకపోతే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వారు తెలుగులో కూడా ఫిర్యాదు రాసుకుంటారు. అక్కడ తేలకపోతే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు ఫిర్యాదు రుసుము లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు. లోపం బయటపడిన నాటినుంచి రెండేళ్ళలోపు వేయాలి. కంటికి తేలని లోపమైతే కమిషన్ సరుకును ప్రయోగశాలకు పంపించవచ్చు, ఆ పరీక్ష ఖర్చు ముందు ఫిర్యాదిదారు కట్టవలసి రావచ్చు. పరీక్ష అక్కరలేని కేసు మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. వాయిదాల సంగతి ఎరిగినవారు ఇంకొంత ఓపిక కలుపుకోవాలి.

ఇంతా చేసి, కొన్నప్పుడు బిల్లు లేదు, గడువు దాటింది అన్నవారు సోఫా మొత్తాన్ని పాతసామానుకు వేయనక్కరలేదు. చట్రం గట్టిగా ఉంటే సీటు ఫోము ఒక్కటీ మార్పించుకుంటే సరిపోతుంది. పట్టణాల్లో ఆ పని చేసేవారు ఉన్నారు. కొత్త ముక్కను తొడుగులో పెట్టకముందే పొడవు, వెడల్పు, మందం కొలిచి, పక్కనున్న కొట్లో కాటా మీద వేయించుకోవచ్చు. చెప్పిన డెన్సిటీయే పెడుతున్న పనివాడు దానికి అభ్యంతరం చెప్పడు.